గీతలు లేని వేలిముద్రలు

ఉద్యోగ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలుండగా, ఒక మార్చి మొదటి వారంలో, మా విశ్వవిద్యాలయంలో మూడు శాఖలు కలిసి చేస్తున్న పరిశోధనకు నన్ను సమన్వయకర్తగా వేశారు. నాది మనస్తత్వశాస్త్రం. మిగిలిన రెండూ చరిత్ర, వాణిజ్య శాఖలు. పలాస జీడిపప్పు కర్మాగారాల్లో పనిచేసే ఆడవాళ్లు మా అధ్యయన విషయం. వాళ్లు అలసటను ఎలా అర్థం చేసుకుంటారన్నది మా శాఖ ప్రశ్న. ఉద్దానం పల్లెల నుంచి వాళ్ల తల్లుల తరం ఈ పనిలోకి ఎలా వచ్చిందన్నది చరిత్రవాళ్ల ప్రశ్న. యాజమాన్యాలు పనిని ఎలా పంచుతాయన్నది వాణిజ్యంవాళ్లది. విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు ఇలా కలిపి చేసే పరిశోధనలకే గిరాకీ. కలిపి చేయడమంటే ముగ్గురు ప్రొఫెసర్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఎవరి పుస్తకం వాళ్లు చదువుకోవడమేనని నాకు త్వరగానే అర్థమైంది.

అసలు పనంతా చేసింది ఎస్తేరు. నా దగ్గర పీహెచ్‌డీకి నాలుగో ఏడు. ఊరు నందిగాం పక్క పల్లె. వాళ్ల పిన్ని పలాసలో జీడిపిక్కలు కోసే పనికి వెళ్లేది కాబట్టి కర్మాగారాల్లో ఆమెకు చనువుంది. మితభాషి. నేను పది మాటలు అడిగితే ఒక్క ముక్క చెప్పి ఊరుకునేది. నాకేమో ఓపిక తక్కువ. ఎదుటివాళ్ల వాక్యాన్ని నేనే పూర్తిచేసేసే అలవాటు నాకుందని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ దెప్పుతారు.

మనుషుల మీద చేసే ఏ పరిశోధనకైనా ముందు సమ్మతి పత్రం కావాలి. ఈ ప్రశ్నలకు నా ఇష్టంతోనే జవాబిస్తున్నాను, వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చని నాకు తెలుసు అన్నది దాని సారాంశం. సంతకం రానివాళ్లు ఎడమ బొటనవేలి ముద్ర వేస్తారు. తర్వాత ప్రశ్నావళి. ప్రతి ప్రశ్నకీ ఐదు గడులుంటాయి, ‘అసలు లేదు’ మొదలుకొని ‘చాలా ఎక్కువ’ దాకా. థీసిస్ సమర్పించే ముందు ఈ పత్రాలన్నీ గైడ్ స్వయంగా చూసి ధ్రువీకరించాలి.

ఆ ధ్రువీకరణకే ఒక మధ్యాహ్నం కట్ట విప్పాను. పదో పత్రం దగ్గర చెయ్యి ఆగిపోయింది. వేలిముద్రలో గీతల్లేవు. నల్లటి సిరా మచ్చ, అంతే. వెనక్కి తిప్పాను. వాటిలోనూ అంతే. ముందుకు తిప్పాను. మచ్చ తర్వాత మచ్చ. ఎవరో ఒకరే ఏ గుడ్డముక్కో సిరాలో ముంచి వరసగా అద్దినట్టున్నాయి. పైగా అలసట గురించిన ప్రశ్నలకు దాదాపు అందరూ ఒకే గడిలో టిక్కు పెట్టారు. మనుషులు అలా జవాబులివ్వరు. ఇంట్లో కూర్చుని నింపేవాళ్లే అలా ఇస్తారు. కల్పిత సమాచారాన్ని వాసన చూసి పట్టేస్తానని అప్పట్లో నాకు శాఖలో పేరు. ఆ పేరంటే నాకు గర్వం కూడా.

ఎస్తేరును పిలిపించి, ఈ ముద్రలు ఎవరు వేశారని అడిగాను. వాళ్లేనంది. ఇలా ఎందుకున్నాయంటే, ‘వాళ్ల వేళ్లు అంతే మేడం’ అంది. ఇంకేదో చెప్పబోయిందని ఇప్పుడు అనిపిస్తుంది. నేను అప్పటికే కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, సరే వెళ్లమన్నాను. అది తప్పించుకునే జవాబని నా మనసు తీర్పు ఇచ్చేసింది.

ఆ సాయంత్రం గదిలో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. గైడ్‌కు అనుమానం వస్తే పరిశోధనా సంఘానికి లిఖితపూర్వకంగా తెలియజేయాలన్నది నియమం. ఇన్ని రోజుల్లోగా అన్న గడువేమీ లేదు. అయినా నేను ఆ రోజే రాశాను. ఈ సమాచారం నిజమైనదని నేను పూచీ పడలేనని రాసి, సంతకం పెట్టి పంపించేశాను. పంపాక నిద్ర పడుతుందనుకున్నాను, పట్టలేదు. కల్పితమని తేలితే ఎస్తేరు రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. నాలుగేళ్ల పని పోతుంది. ఆ మచ్చతో మరో విశ్వవిద్యాలయం ఆమెను చేర్చుకోవడం దాదాపు అసాధ్యం. ఇదంతా తెలిసే రాశాను. అనుమానం పెనుభూతమంటారు కదా, ఆ భూతం పట్టిన మనిషికి తను న్యాయంగానే ఉన్నానని గట్టి నమ్మకం ఉంటుంది.

సంఘం పునఃపరిశీలన చేయమంది. అంటే జవాబిచ్చినవాళ్లలో కొందరిని మళ్లీ కలిసి, పత్రంలో ఉన్నది వాళ్లు చెప్పిందేనా అని సరిచూడడం. ఆరోపణకు గురైన విద్యార్థి వెంట ఉండకూడదు. నేనే వెళ్తానన్నాను. పలాస వెళ్లే రైలు దారిలో హరిశ్చంద్రపురంలో ఏ కారణమూ లేకుండా చాలాసేపు ఆగింది. నేను కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. అక్కడి ఆడవాళ్లు ‘ఎస్తేరా? ఎవరామె?’ అంటే నా మాట నెగ్గుతుంది. అలా అనాలని కోరుకుంటున్నానా, అనకూడదని కోరుకుంటున్నానా అన్నది నాకే తేలలేదు.

పలాసలో ఆటో దిగి కర్మాగారం షెడ్డులోకి వెళ్లేసరికి పనివేళ. ఉడికించి ఆరబెట్టిన పిక్కను ఎడమచేత్తో బ్లేడు మధ్య పెట్టి, కుడిచేత్తో పిడి నొక్కి, పెంకు విడదీసి పప్పు తీస్తారు. పెంకులోని జీడినూనె చర్మాన్ని కాలుస్తుంది. అది అంటకుండా వేళ్లకు ఆముదం, బూడిద రాసుకుంటారు, అయినా అంటుతుంది. ఇదంతా ఎస్తేరు థీసిస్ మొదటి అధ్యాయంలో ఉంది. నేను చదివి మార్జిన్‌లో ‘బాగుంది’ అని రాశాను కూడా.

జాబితాలో మొదటి పేరు దాలమ్మ. అరవై దగ్గరపడిన మనిషి, షెడ్డులో అందరికంటే పాత కార్మికురాలు. భోజనాల వేళ ఆమె పక్కన కూర్చుని, విశ్వవిద్యాలయం నుంచి వచ్చానని చెప్పి, కొత్త కాగితం మీద వేలిముద్ర వేయమన్నాను.

‘ఏటమ్మా, మళ్లీ ఏలు కావాలా? మొన్న మా ఎస్తేరుకి ఏసినాం కదా’ అంటూనే వేసింది. నల్లటి మచ్చ. సిరా ఎక్కువైందనుకుని వేలు తుడిచి మళ్లీ వేయించాను. మళ్లీ మచ్చే. మూడోసారి నేనే ఆమె వేలు పట్టుకుని ఒత్తాను. అప్పుడు తెలిసింది, ఆ చర్మం నా గాజుల్లా నున్నగా ఉంది.

‘ఎన్నిసార్లు ఏసినా అంతేనమ్మా. గీతలు ఎప్పుడో పోనాయి. రేషను డిపోలో మిషను కూడా మా ఏలు పట్టదు. కన్ను సూపించి బియ్యం తెచ్చుకుంతాం’ అంది దాలమ్మ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతూ తమ వేళ్లు చూపించారు. ఆ వేళ్ల మధ్య నా సిరా పెట్టె పట్టుకుని కూర్చున్నాను. సిగ్గేసింది.

జవాబులన్నీ ఒకేలా ఎందుకున్నాయని కూడా అడిగాను. దాలమ్మ నన్ను ఏమీ తెలియని మనిషిని చూసినట్టు చూసింది. ‘ఒకలు ఎక్కువని, ఇంకొకలు తక్కువని రాత్తే, ఎవలు ఏటి సెప్పేరో మేస్త్రీకి తెలిసిపోదా? అందుకే జట్టంతా ఒక్క మాట అనుకున్నాం. అలసట కొద్దిగని సెప్పీసినాం’ అంది. పత్రాలు యాజమాన్యానికి చూపించబోమని ఎస్తేరు చెప్పిందట. ఆమె మీద నమ్మకమేనట, కాగితాల మీదే లేదట. మా ముగ్గురి ప్రశ్నలకూ అసలైన జవాబు అక్కడుంది. మేము పెట్టిన ఐదు గడుల్లో దానికి చోటు లేదు.

‘ఇంతకీ మా గుంటకేటైనా అయినాదా?’ అని అడిగింది దాలమ్మ.

అబద్ధం చెప్పలేకపోయాను. ఈ ముద్రలు ఆ పిల్లే వేసుకుందని అనుమానపడ్డానని చెప్పాను.

‘మా ఏళ్లిలాగుంతాయని మీకు సెప్పనేదా?’

చెప్పిందన్నాను.

‘మరేటి?’ అంది.

ఆమె అన్నం డబ్బా మూత పెట్టుకుని పనిలోకి లేచింది.

తిరిగి వచ్చాక నా మొదటి ఉత్తరం నకలు తీసి చదివాను. ముద్రల గురించి అరపేజీ ఉంది, గడుల గురించి అరపేజీ ఉంది. ఎస్తేరు ఇచ్చిన జవాబు మాత్రం ఒక్క అక్షరం లేదు. రెండో ఉత్తరంలో చూసిందంతా రాసి, విద్యార్థి వివరణను విని కూడా నమోదు చేయకపోవడం నా తప్పని రాశాను. చరిత్ర శాఖ ప్రొఫెసర్ మంచివారు. మొదటిది వెనక్కి తీసుకుంటే సరిపోతుందని, ఎవరికీ తెలియకుండా పోతుందని సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు, రెండూ ఫైల్లో ఉండాలన్నాను. సంఘం ఎస్తేరు సమాచారాన్ని ఆమోదించింది. జట్టంతా ఒక్క మాట అనుకోవడం గురించి ఆమె కొత్తగా ఒక అధ్యాయం రాసింది. థీసిస్ మొత్తంలో బలమైనది అదే.

దాన్ని నేను దిద్దలేదు. సంఘం ఆమోదం వచ్చిన మర్నాడే ఎస్తేరు గైడ్ మార్పు కోరుతూ దరఖాస్తు పెట్టింది. కారణం రాయాల్సిన చోట ‘వ్యక్తిగతం’ అని ఉంది. సంతకం కోసం నా దగ్గరికే తెచ్చింది, నియమం అది. అంతా సర్దుకుంది కదా, ఇంకా ఎందుకని అడిగాను. ‘సర్దుకుంది మేడం. కానీ మీతో ఏదైనా చెప్పాలంటే ఇంక నాకు మాట రాదు’ అంది. నా దగ్గర ఉన్న నాలుగేళ్లలో ఆమె మాట్లాడిన పొడవైన వాక్యం అదే. సంతకం పెట్టాను.

పరిశోధనలో అనుమానపడడం తప్పు కాదు, అది మా వృత్తిలో సగం పని. ముందు వెళ్లి చూసి, తర్వాత రాయాలి. నేను ముందు రాసి, తర్వాత వెళ్లాను. రెండు ఉత్తరాలకూ మధ్య పంతొమ్మిది రోజులు గడిచాయి. ఆ పంతొమ్మిది రోజులూ ఎస్తేరు మా భవనం వెనకున్న హాస్టల్లోనే ఉంది. నేను ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కలేదు.