నీటిచుక్క స్టిక్కరు

కొత్త స్టీలు గిన్నెకు అంటించే కాగితం గురించి ఎవరూ ఎందుకు కొట్లాడరో నాకు అర్థం కాదు. గోటితో గీకితే సగం వస్తుంది. నూనె రాసి, వేడినీళ్లలో నానబెట్టి, పీచు పెట్టి రుద్దితే మిగిలిన సగంలో సగం వస్తుంది. మా పెళ్లికి వచ్చిన ఒక పప్పు గిన్నె మీద ఆ కాగితం మరక ఈరోజుకీ ఉంది. పెళ్లినాటి మిగతా హామీలేవీ అంత గట్టిగా నిలబడలేదు. ఇదే జిగురు చెప్పులు కుట్టే కంపెనీలకు ఎందుకు దొరకదో మరి.

అమ్మను మేం అవ్వ అంటాం. మా అవ్వ కొన్న ఫోన్ వెనక కూడా అలాంటి స్టిక్కరే ఉండేది. నీలం రంగు మీద తెల్లటి నీటిచుక్క, దానికి అడ్డంగా ఒక డాలు. దాన్ని తీయబోతే అవ్వ ఒప్పుకోలేదు. అది ఉంటేనే నీళ్లు లోపలికి పోవని ఆమె నమ్మకం.

అవ్వ కుకునూరుపల్లిలో ఉంటుంది. నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు ఆమె పెద్ద. ఎవరి పొలంలో ఎప్పుడు దిగాలో, ఎకరానికి ఎంత గుత్తో రైతుతో మాట్లాడేది ఆమే. ఆ మాటలన్నీ ఫోన్లోనే. నాట్ల రోజుల్లో ఒక పూట ఫోన్ ఎత్తకపోతే రైతు ఇంకో గుంపును పిలుచుకుంటాడు. నారు ముదిరిపోతుంది కాబట్టి అతన్నీ తప్పుపట్టలేం. పైగా ఈ మధ్య బీహారు నుంచి మగవాళ్ల గుంపులు కూడా వచ్చి నాటుతున్నాయి.

అవ్వ దగ్గర అంతకుముందు ఒక బటన్ల ఫోన్ ఉండేది. దానికి పాల ప్యాకెట్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు వేసి, గుడ్డసంచిలో పెట్టి మెడలో వేసుకునేది. మాట్లాడేటప్పుడు కూడా కవరు తీసేది కాదు. అవతలివాళ్లకు ఆమె బావిలోంచి మాట్లాడుతున్నట్టు వినిపించేది. ఆ ఫోన్ ఎన్నో ఏళ్ల నాట్లు చూసింది. దాని మీద ఏ చుక్కా లేదు, ఏ డాలూ లేదు.

తర్వాత టీవీలో ఆ ప్రకటన వచ్చింది. జలపాతం కింద ఒక అమ్మాయి నిలబడి, నవ్వుతూ ఫోన్ మాట్లాడుతుంది. ఏం మాట్లాడుతుందో మనకు వినిపించదు, పాట వస్తుంటుంది. మొదటిసారి చూసినప్పుడు అవ్వ, "గంతసేపు నీళ్లల్ల నిలవడ్డది, గా పొల్లకు సర్ది వట్టదా?" అంది. నాలుగైదు సార్లు చూశాక, "గసొంటి ఫోను నాగ్గావాలె బిడ్డా" అంది.

సిద్దిపేటలో దుకాణం ఆయన గాజు గిన్నె నిండా నీళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. అవ్వ ముందర ఫోన్ ముంచి తీశాడు. అవ్వ ఇంకోసారి ముంచమంది. ఇంకోసారి ముంచాడు. ముంచింది మాకు అమ్మిన ఫోన్‌ను కాదు, చూపించడానికి పెట్టుకున్నదాన్ని. ఆ తేడా అప్పుడు మాకు పెద్దగా అనిపించలేదు.

అవ్వకు చదువు రాదు. అందుకని నా భార్య ఒక్కో రైతు నంబరుకు ఒక్కో బొమ్మ పెట్టింది. ఒకరికి బర్రె, ఒకరికి మామిడిచెట్టు. ఊరికి దగ్గర్లోనే ఉన్న ములుగులో పెద్ద పొలం ఉన్న పటేలుకు ఎర్ర ట్రాక్టరు. అప్పటినుంచి అవ్వ, "ట్రాక్టర్ ఫోన్ జేసింది, రేపు దిగాలె" అని గుంపుకు కబురు చెప్పేది.

పాల కవరును మాత్రం ఆ రోజే విప్పి పారేసింది. నేను ఒక ఆదివారం పొలానికి వెళ్తే, గట్టు మీదికి వినపడేటట్టు గుంపులో ఒకావిడ అడుగుతోంది.

"ఏం వదినే, నీ ఫోను ఈత నేర్చిందట?"

"నేర్చింది. నీ మొగని కన్న నయమే. ఆయన చెర్ల దిగుమంటే గట్టు మీద గూసుంటడు."

అందరూ నడుములు పట్టుకుని నవ్వారు. అవ్వ ఫోన్ రొండిన దోపుకుని మళ్లీ వంగింది.

ఆ వారంలోనే, అలా వంగినప్పుడే ఫోన్ జారి బురదలో పడింది. అవ్వ కంగారు పడలేదు. తీసుకుని, కాళ్లు కడుక్కున్నట్టే బోరు పైపు కింద పెట్టి కడిగింది. బురద పోవడానికి కాస్త సబ్బు కూడా రాసిందట. సాయంత్రం దాకా ఫోన్ పనిచేసింది. రాత్రి అద్దం లోపల ఆవిరి పట్టింది. ఎవరో చెప్తే బియ్యం డబ్బాలో పెట్టింది. వరిలో పడ్డదానికి బియ్యంతో వైద్యం. పొద్దునకు ఫోన్ తెర నల్లగా అయిపోయింది.

అవ్వ మొదటి బస్సుకే సిద్దిపేటలో మా ఇంటికి వచ్చింది.

"ట్రాక్టర్ పటేలు ఇయ్యాల ఫోన్ జేస్తనన్నడు. ఎన్నడు దిగాల్నో చెప్తడట. గా పొలం వోతే మావోళ్లందరికి వారం దినాలు పని లేనట్టే."

"ఆయన నంబరున్నదా?"

"ఉన్నది. గీ ఫోన్లనే ఉన్నది."

నేను డిగ్రీ పిల్లలకు కామర్స్ చెబుతాను. కొనేవాడే చూసుకుని కొనాలి అనే సూత్రం మీద ఏటా ఒక పాఠం ఉంటుంది. బాగానే చెబుతానని పేరు. కాబట్టి ఇలాంటి వ్యవహారానికి నేనే తగినవాణ్నని నాకనిపించింది.

సర్వీస్ సెంటర్ కౌంటర్లో ఉన్న అమ్మాయి సన్నటి పిన్నుతో సిమ్ పెట్టే అర బయటికి లాగి, సిమ్ తీసి నా చేతికిచ్చింది. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాను. ఆమె ఆ అర సందులోకి లైటు కొట్టి చూసింది.

"లోపల తెల్లగ ఉండాల్సిన చుక్క ఎర్రగ అయింది సర్. నీళ్లు పోయినయ్. వారంటీ రాదు."

"నీళ్లు పోవనే కదండీ కొన్నది."

"పోవు సర్. పోతె మాత్రం వారంటీ రాదు."

ఆమె ఎగతాళిగా అనలేదు. రోజూ చెప్పే మాట చెప్పినట్టే చెప్పింది. తర్వాత వివరించింది. పరీక్ష చేసింది కదలని మంచినీళ్లలోనట. బురద, సబ్బు, జోరుగా పడే నీళ్లు లెక్కలోకి రావట.

అవ్వ మధ్యలోకి వచ్చింది. "మంచినీళ్లు పోసి నాటేస్తరా బిడ్డా ఎవలన్న?"

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. "మా అమ్మ గూడ నాట్లకు పోతదమ్మా. రూల్ గట్లున్నది, నేనేం జెయ్యాలె?" అంది.

అక్కడితో లేస్తే సరిపోయేది. కానీ నేను మేనేజర్ను పిలవమన్నాను. జలపాతం కింద కదలని నీళ్లు ఎక్కడున్నాయని ఆయన్ను అడిగాను. ఆయన తన ఫోన్లో ఆ ప్రకటననే పెట్టి, చివర్లో ఆపి చూపించాడు. కింద, అమ్మాయి కాళ్ల దగ్గర, చీమల బారులా ఒక వరస ఉంది. దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాను. ఆయన చెప్పిందంతా అందులో ఉంది.

నిజానికి ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఫోన్ తడవదని ప్రకటన చెప్పింది. తడిస్తే మాది కాదని వారంటీ చెప్పింది. రెండూ ఒకే పెట్టెలో పెట్టి అమ్మారు. ఏ మాటా ఇవ్వని ఫోన్‌ను అవ్వ పాల కవరులో పెట్టి కాపాడుకుంది. మాట ఇచ్చిన ఫోన్‌కు కవరు విప్పేసింది. దాన్ని చంపింది బురదా, సబ్బా, ఆ నమ్మకమా అన్నది ఏ చుక్క ఎర్రబడితే తెలుస్తుందో నాకు తెలియదు.

ఇదంతా మేనేజర్‌కు కాస్త గట్టిగానే చెప్పాను. కుర్చీల్లో ఉన్నవాళ్లు కూడా వినసాగారు. అవ్వ నా మోచెయ్యి లాగింది.

"బిడ్డా, గా పటేలు ఫోను..."

"ఆగవ్వా. గిది ఫోన్ ముచ్చట గాదు, న్యాయం ముచ్చట."

అవ్వ వెళ్లి కుర్చీలో కూర్చుంది. చేతిలో ఫోన్ వెనక్కి తిప్పి, స్టిక్కరు మీద వేలితో రుద్దుతోంది. బురద, సబ్బు, బోరు నీళ్లు, బియ్యం అన్నీ చూసినా అది ఎక్కడా లేవలేదు. మొత్తం ఫోన్లో నీళ్లకు నిలిచింది అదొక్కటే.

అన్నాల వేళకు మేనేజర్ దిగివచ్చాడు. నా ఫిర్యాదును పైవాళ్లకు పంపిస్తానన్నాడు. నేను గెలిచినట్టే నడుచుకుంటూ బయటికి వచ్చాను. బస్టాండు దగ్గర టీ చెప్పాక అవ్వ అడిగింది.

"నా సిమ్ము నీ ఫోన్ల వడ్తదా?"

పడుతుంది. నా ఫోన్లో రెండో సిమ్ జాగ కొన్నప్పటినుంచీ ఖాళీగానే ఉంది. అవ్వ గాజులకున్న పిన్నీసు తీసిచ్చింది. సిమ్ పెట్టగానే మిస్డ్ కాల్ మెసేజ్‌లు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. అన్నీ ఒకే నంబరు నుంచి. బొమ్మ లేదు.

"గిది ట్రాక్టరేనా?" అని అడిగింది అవ్వ.

ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. ట్రాక్టరే.

"ఏందక్కా, పొద్దటి సంది చేస్తనే ఉన్న, స్విచ్చాఫ్ అనవట్టె. నారు ముదురుతున్నది. అన్నం టైందాక జూసిన. ఇంతకుముందే బీహారోళ్లకు బయాన ఇచ్చిన."

"మంచిది పటేలా. యాసంగి నాట్లకన్న మమ్ముల యాదివెట్టుకో."

ఫోన్ పెట్టేసింది. టీ వచ్చింది. ఇద్దరం గ్లాసులు పట్టుకుని, బస్సులు తిరిగే దిక్కు చూస్తూ నిలబడ్డాం. నేను ఫిర్యాదు గురించి, పైవాళ్లు ఏం జవాబు ఇవ్వక తప్పదో దాని గురించి చెప్పడం మొదలుపెట్టాను. అవ్వ పిన్నీసును మళ్లీ గాజుకు పెట్టుకుంది.

"సిమ్ము పొద్దటి సంది నీ అంగి జేబులనే ఉండె గదరా."