బోరవ్వ ఇచ్చిన చెంబెడు నీళ్లు

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఊళ్లకు కృష్ణ నీళ్ల నల్లాలు ఇంకా రాని ఆ రోజుల్లో, మనుషులకు నిజం చెబితే చాలు మారిపోతారని నేను గట్టిగా నమ్మేదాన్ని. వయసు అలాంటిది మరి. డిగ్రీ అవగానే, దేశదేశాల్లో పేదలకు మంచినీళ్లు ఇస్తామని పూనుకున్న ఒక విదేశీ కంపెనీ సేవా విభాగంలో నాకు ఉద్యోగం దొరికింది. నారాయణపేటలో మగ్గం నేసే మా నాయినకు అదేం ఉద్యోగమో చివరిదాకా అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే "మా బిడ్డ ఆఫీసరు" అని మాట మార్చేవాడట. (ఆఫీసరునే. కాకపోతే ఆరు నెలలు చూసి, పనికొస్తేనే ఉంచుకుంటామన్న ఆఫీసరుని.)

నన్ను వేసింది నల్లగొండ దిక్కు ఒక ఊరికి. అక్కడి బోరు నీళ్లలో పండ్లకు గార పట్టించి, ఎముకలను వంచే ఫ్లోరైడ్. దానికి రుచీ వాసనా ఉండవు, అదే దాని మోసం. కంపెనీ కట్టిన నీళ్ల ప్లాంటు పక్కింట్లోనే నాకు గది కిరాయికి దొరికింది. ఇంటామెను ఊరంతా బోరవ్వ అనేది, ఆమె వాకిట్లో బోరు నీళ్లంత కమ్మటివి చుట్టుపక్కల లేవని పేరు. ఆ నీళ్లకే మోకాళ్లు రెండూ వంగిపోయి, గోడ పట్టుకుని నడిచేది. పట్నానికి కూలికి పోయిన కొడుకూ కోడలూ మూడేళ్ల పిల్లను ఆమె దగ్గర వదిలారు. పాలపండ్ల వెనక అసలు పండ్లు తయారయ్యే వయసు అదేనని మాకు శిక్షణలో చెప్పారు. ఊరు సంగతి తర్వాత, ముందు ఈ పిల్ల చేత ప్లాంటు నీళ్లు తాగించాలని నేను పంతం పట్టాను.

బొమ్మలు చూపించాను, ఎముకల పటం గోడకు అంటించాను, గొంతు పోయేలా చెప్పాను. అవ్వ అన్నీ ఓపిగ్గా వినేది. విని, ప్లాంటు నీళ్లు చప్పగా ఉన్నాయని, వాటిలో పానం లేదని, పప్పు కూడా వాటితో రుచి రాదని చెప్పి పోయేది. నాకు ఒళ్లు మండేది. (ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. మొదటి రోజు అవ్వ ఇచ్చిన నీళ్లు ఆమె అటు తిరగగానే బంతి చెట్టుకు పోశాను. నా మంచం కింద, పాత చీర కప్పిన నా తాగేనీళ్ల క్యాను ఒకటి ఎప్పుడూ ఉండేది.)

అంతలో కంపెనీ పెద్ద మేడం విదేశం నుంచి వస్తోందని, ఊరందరి ముందు ప్లాంటు నీళ్లు ఆమే తాగి చూపిస్తుందని కబురొచ్చింది. నన్ను ఉంచాలో పంపాలో కూడా ఆ రోజే తేలుతుంది. ముందురోజు అవ్వ వచ్చి, ఇంటి ముందుకొచ్చిన మనిషికి నీళ్లు తన చేతుల మీదే ఇస్తానంది. మా వైపు ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్లు, ఆ తర్వాతే మాట. అవ్వ మనసు మారిందని నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తెల్లారి షామియానా, పూలదండలు, ఫొటోలవాళ్లు. అవ్వ మనుమరాలి చెయ్యి పట్టుకుని, మూతపెట్టిన ఇత్తడి చెంబుతో మెల్లగా వచ్చి గ్లాసులోకి వంచింది. మేడం గటగటా తాగేసి, ఇన్ని దేశాలు తిరిగాను, మన ప్లాంటు నీళ్లు ఇంత కమ్మగా ఎక్కడా లేవంది. నేను ఆ మాటను తెలుగులో మైకులో గర్వంగా చెప్పాను. చప్పట్లు. అవ్వ మొహం వెలిగిపోయింది.

"కమ్మగుండక ఏమైతయి బిడ్డా," అంది. "మన బోరు నీళ్లాయె. సుట్టానికి గా చప్పటి నీళ్లు ఎట్ల ఇస్తం?"

ఆమె ఏమందని మేడం నన్నడిగింది. చల్లగుండమని దీవించిందని చెబితే నా ఉద్యోగం నిలిచేది. నోటిదాకా వచ్చింది కూడా. అప్పటికే పిల్ల అదే చెంబు ఎత్తి, మిగిలిన నీళ్లు తాగేస్తోంది. నాకేమైందో, ఉన్నదున్నట్టు చెప్పేశాను. మేడం మొహం పాలిపోయింది. గ్లాసు వదిలేసి, ఎవరో తెచ్చిన సీసా నీళ్లతో పుక్కిలించి ఉమ్మింది, మళ్లీ పుక్కిలించింది. ఆపమని ఎవరూ చెప్పకపోవడంతో ఫొటోలవాళ్లు అదంతా తీశారు.

అవ్వ చూస్తూ నిలబడింది. పిల్ల చేతిలోంచి చెంబు మెల్లగా తీసుకుంది.

"ఒక్క గిలాస తాగినందుకే గామె గంత బుగులు పడె," అంది నాతో. "నా మనుమరాలు పుట్టినకాన్నుంచి గివ్వే తాగుతాంది గదనే."

ఆ సాయంత్రం ప్లాంటు ముందు మొదటి బిందె బోరవ్వదే. ఆమె వెనక ఊరు కదిలింది. నన్ను మాత్రం ఆ నెలాఖరుకే ఇంటికి పంపేశారు. మా నాయినకు కొంచెం హాయిగానే అనిపించినట్టుంది.

నిరుడు అటు పోతూ ఆ ఇంటి ముందు ఆగాను. ప్లాంటుకు తాళం, ఇంటింటికీ నల్లా. పదో తరగతికొచ్చిన మనుమరాలు తెల్లటి పండ్లన్నీ కనిపించేలా నవ్వుతూ ఎదురొచ్చింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చినంత పనయింది. అవ్వ అదే ఇత్తడి చెంబు, అదే మూతతో నీళ్లు తెచ్చింది. ఎక్కడివని అడగకుండా ఎత్తిన చెంబు దించకుండా తాగాను.

"నల్లా నీళ్లేలే," అంది అవ్వ. "మంచం కింద డబ్బా పెట్టుకున్నది నాకు ఎరుక లేదనుకున్నవా?"

ఇన్నేళ్ల తర్వాత సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. ఇంకో చెంబు తెమ్మని అడిగాను.