రత్నం పక్కన నా చోటు

పొద్దున్నే కిటికీ తీస్తే కాశీబుగ్గ వైపు నుంచి జీడిపిక్కలు కాల్చిన పొగ వస్తుంది. నాకది బాస్కెట్‌బాల్ వాసన. మా హైస్కూలు కోర్టు జీడిపప్పు ఫ్యాక్టరీ గోడ వెనకే ఉండేది. ఆ పొగ పట్టిన రబ్బరు బంతితో ఆడిన చేతులు ఇంటికెళ్లి సబ్బుతో ఎంత రుద్దినా, అన్నం కలుపుతుంటే మళ్లీ అదే వాసన వేసేవి.

ఉద్దానంలో మా ఊరి నుంచి బస్సులో వెళ్లి చదువుకునేదాన్ని. వేసవంతా గౌన్ల మీద జీడిమామిడి పళ్ల మరకలు, వానాకాలమంతా కొబ్బరితోటల బురద, కార్తీకం వచ్చేసరికి బడి వదిలాక చలిగాలిలో ఆట. ఆ ఆట రత్నందే. అక్కుపల్లి నుంచి వచ్చే ఆ పిల్ల నాకంటే ఒక క్లాసు పైన. బంతి ఆమె చేతికందితే బుట్టలో పడ్డట్టే. అందుకే డ్రిల్లు మేష్టారు జట్టు కట్టేముందు విజిలు నోట్లోంచి తీసి ఆమె మొహం చూసేవారు.

టెక్కలిలో పోటీలొచ్చాయి. అయిదో చోటు ఉషదే అనుకున్నాం అందరం. పొడుగుపిల్ల, పైగా జట్టుకి బనీన్లు కొనిచ్చింది వాళ్ల నాన్నగారు. నన్నెవరూ పిలవరని తెలిసినా, పిలిస్తే బాగుణ్ణని గోడవార నిలబడ్డాను. రత్నం వచ్చి నా మణికట్టు పట్టి లాగింది.

"దీన్నెయ్యండి మేష్టారూ."

"దీన్నా? నోట్లో మాట నేదు కదేటే!"

"అందుకే. మిగతావోల్లు బంతిచ్చేముందు నా పేరెట్టి అరుత్తారు, అవతలోల్లు కాసుకుంటారు. ఇది సప్పుడు సెయ్యదు. ఇది నేకపోతే నాను ఆడను."

ఉష వంగి బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంది. మా అమ్మ ఆ సంగతి విని పెట్టెలోంచి కొత్త తువ్వాలు తీసిచ్చింది.

టెక్కలిలో అవతలి జట్టు పిల్లలు నాకంటే జానెడు పొడుగు. నేను చప్పుడు లేకుండా ఇచ్చిన బంతుల్ని వాళ్లు చేతులెత్తి చప్పుడు లేకుండానే అందుకున్నారు. వెనకబడిపోయాం. రత్నం ఆట ఆపించి, నా వైపు చూడకుండా మేష్టారి దగ్గరికి నడిచింది.

"దీన్ని తీసి ఉషనెయ్యండి."

మేష్టారు నన్ను చెయ్యూపి పిలిచారు. కొత్త తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఉష బంతిని అందరి తలల మీదుగా అందించింది, రత్నం వేసింది, గెలిచాం. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

బస్సులో రత్నం నా పక్కనే కూర్చుని, నాగులచవితికి చేసిన చిమ్మిలి పొట్లం విప్పింది.

"ఏటే, మాటాడవేటి?"

"నేనెప్పుడు మాటాడేను?"

పగలబడి నవ్వింది. "ఓడిపోతే నీకు మాత్రం బాగుంటాదేటి? తిను."

తిన్నాను. బెల్లం, నువ్వులు, వేళ్లకంటిన పొగ. సోమవారం కోర్టులో మళ్లీ నా మణికట్టు పట్టి తన పక్కకి లాక్కుంది.

మరుసటేడు రత్నానికి ఎక్కడో క్రీడల హాస్టల్లో సీటొచ్చింది. మేష్టారు పిల్లల్ని పొడుగును బట్టి వరసలో నిలబెట్టి జట్టు కట్టుకున్నారు. నేను ఆ వేళకి లైబ్రరీకి వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

ఇప్పుడా కోర్టులో రేకుల షెడ్లు. రింగులేని స్తంభం ఒకటి మిగిలింది, దానికి బట్టలారేసే తీగ కట్టారు. పొగ మాత్రం రోజూ వస్తుంది. నన్ను వెయ్యమనీ, తియ్యమనీ అంత గట్టిగా అడిగిన మనిషి నాకు మళ్లీ తగల్లేదు.