అందాజగ చెప్పినవా?

శుక్రవారం పొద్దున డిపో ముందున్న చాయ్ హోటల్ అతను చెప్పాడు, చాచా పోయాడని. తెల్లవారుజామున గుండె ఆగిందట. అయ్యో అనాల్సిందిపోయి నేను అడిగింది, మరి సోమవారం కేంద్రం ఎట్లా నడుస్తుంది అని. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. కానీ దుఃఖం కంటే ముందు నాకు వచ్చింది భయమే.

నారాయణఖేడ్‌లో మా సలహా కేంద్రం అంటే డిపో వెనక గల్లీలో ఒక గది, ఒక టేబుల్, రెండు బెంచీలు. మీలో కొందరు వచ్చే ఉంటారు. ఏ దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో, ఎవరిని కలవాలో ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు చెప్తాం. పైసా తీసుకోం. అక్కడ చాచానే పెద్ద దిక్కు. రెండేళ్లుగా ఆయన పక్క కుర్చీ నాది.

చాచా కోర్టు నోటీసులు పంచే నౌకరీ చేసి రిటైరయ్యాడు. చదువురాని వాళ్ల చేతిలో నోటీసు పెట్టి, వేలిముద్ర వేయించుకుని, అందులో ఏముందో చెప్పకుండానే సైకిలెక్కేవాడినని తనే చెప్పుకునేవాడు. చెప్పడం అప్పుడు తన పని కాదు మరి. అందుకేనేమో, ఇక్కడ ఎవరు ఏ కాగితం తెచ్చినా పై గీత నుంచి కింది ముద్ర దాకా గట్టిగా చదివి వినిపించేవాడు. కాగితాలు ఎగురుతాయని ఎండాకాలంలో కూడా ఫ్యాన్ ఆపేసేవాడు. జనం అర్జీలతోనే విసురుకునేవాళ్లు. నేను గొణిగితే, "చెమట ఆరుతది బిడ్డా, కాయితం పోతే దొరకది" అనేవాడు.

నేను వట్టి పిరికిదాన్ని. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారి నుంచి వెనక్కి వెళ్లే రకం. అలాంటివాళ్లు ఆచితూచి మాట్లాడతారని అనుకుంటారు గానీ నా భయం వేరు. అడిగినదానికి జవాబు రాకపోతే పనికిరానిదాన్ని అనుకుంటారని భయం. అందుకని గబుక్కున ఏదో ఒకటి చెప్పేసేదాన్ని.

నిరుడు కంగ్టి వైపు నుంచి ఒకామె వచ్చింది. దసరా తర్వాత మొగుడూ పెళ్లాలిద్దరూ చెరుకు కొట్టడానికి పోతారు. కూతురికి హాస్టల్ బడిలో సీటొచ్చింది. కాగితాలన్నీ సరిగ్గా ఇస్తే పిల్ల అక్కడ చదువుకుంటుంది, లేదంటే మానేసి వాళ్ల వెంట పోవాల్సిందే. పాత ఆదాయం సర్టిఫికెట్ నడుస్తుందా అని అడిగింది. నడుస్తుందన్నాను. ఆమె నిశ్చింతగా వెళ్లిపోయింది. మధ్యాహ్నం మాటల్లో ఆ సంగతి చెప్తే, ఎవరిని అడిగి చెప్పావన్నాడు చాచా. నేనెవరినీ అడగలేదు.

"అందాజగ చెప్పినవా?"

కోపంగా కూడా అనలేదు. కనుక్కుంటే కొత్త సర్టిఫికెట్టే కావాలట, గడువు ఎల్లుండితో సరి. ఆమె ఫోన్ బంద్. చాచా అన్నం డబ్బా మూసేసి లేచాడు. కంగ్టి దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో పోయాం. దారి పొడవునా మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను, చివరికి చాచానే చెప్తాడులే అన్న ఆశ కూడా ఉంది. ఆయన ఆ ఇంటి వాకిట్లో ఆగి, "నువ్వు చెప్పినవ్, నువ్వే చెప్పు" అన్నాడు. తప్పు చెప్పానని చెప్పుకున్నాను. ఆమె తిట్టలేదు.

"తెల్వకుంటె తెల్వదని అనకపోయినవా అక్కా? ఇంకొకల్లను అడుగుతుంటి గద."

తిరుగు బస్సులో ఏడుపు ఆపుకోలేకపోయాను. చాచా కిటికీలోంచి దున్నిన చేలు చూస్తూ, "తెల్వది అన్న మాట నోట్లకెళ్లి ఎల్లనీకె నాకు నౌకరీ అంత పట్టింది" అన్నాడు. మరునాడు పొద్దంతా ఆమెతో పాటు లైన్లో నిలబడ్డాను. సర్టిఫికెట్ చేతికొచ్చింది, పిల్ల బడిలో చేరింది. ఆ రోజు నన్ను అక్కడిదాకా లాక్కెళ్లినందుకు చాచాకు ఎంత రుణపడ్డానో ఆయనకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం ఆయన్ని ఖబ్రస్తాన్‌కు తీసుకెళ్లారు. సోమవారం గది తెరిచాను. మొదట వచ్చింది కల్హేర్ రైతు, పెద్దాయన. తమ్ముడు కర్ణాటకలో పనికి పోయి అక్కడి దవాఖానలోనే చనిపోయాడట. చావు సర్టిఫికెట్ ఇక్కడిస్తారా, అక్కడికే పోవాలా అని అడిగాడు. నాకు సగం తెలిసినట్టే ఉంది. ఆ సగమే నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు తెల్వది కాకా. ఆఫీసుల అడిగొస్త, ఉంటవా?"

ఆయన నా మొహం వంక చూశాడు.

ఆఫీసులో గంట పట్టింది. ఆ గంటసేపూ ఒకటే ఆలోచన: ఆయన లేచిపోయి ఉంటాడు, అక్కడున్న ఆమెకు ఏమీ తెలియదని నలుగురికీ చెప్తాడు, ఇక ఈ గదికి ఎవరూ రారు. జవాబు వివరంగా రాసుకుని, దాదాపు పరుగెత్తుకుంటూ గల్లీలోకి వచ్చాను. గుమ్మం బయటికే పెద్దాయన గొంతు వినబడింది. నేను లేనప్పుడు మరో ఇద్దరు వచ్చి, ఎవరూ లేరా అని అడిగినట్టున్నారు.

"కూసోండ్రి. మేడం అడగనీకె పోయింది. వస్తది."

తొంగిచూస్తే, ఆయన బెంచీ మీద ఓ పక్కకు జరిగి వాళ్లకు చోటిస్తున్నాడు.