దిగే నీళ్లకు చోటు

మొన్న మంగళవారం పొద్దున మా పక్కింటి మామ పోయినాడు. గోడ అవతల అత్త గట్టిగా ఏడ్చేది వినపడేసరికి నేను బకెట్లో ఉప్పు కలుపుతాండాను. చెయ్యి అట్లే నీళ్లలో ఉండిపోయింది. అయ్యో, ఇంక చెప్పేదానికి మనిషే లేడు కదా అనేది నాకు మొదట తోచిన మాట. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. అందుకు సిగ్గుపడుతూనే ఇది రాస్తాండాను.

మామ నాకు చుట్టం కాదు. కర్నూలు మున్సిపాలిటీలో నీళ్ల పంపు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. మా వీధికి నీళ్లు ఎప్పుడొస్తాయో పేపరు చూసి తెలుసుకునేది లేదు, మామే చెప్పేటోడు. కొళాయి మీద అరచెయ్యి ఆనించి, "వస్తాండాయి, ఇంకో పావుగంట" అంటే వచ్చినట్టే.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా హాల్లో సముద్రపు చేపల తొట్టి ఉండాది. మీరు నవ్వుకుంటారని తెలుసు. సముద్రం యాడ, కర్నూలు యాడ! మొదటిసారి చూసినప్పుడు మామ కూడా ఊరుకోలే. "తాగే నీళ్లకే జనం కొట్టుకు చస్తాంటే, నువ్వు మంచినీళ్లలో ఉప్పేసుకుంటాండావా? నీకేం పొయ్యేకాలమప్పా!" అన్నాడు. అంటూనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గంటసేపు లేవలే. నారింజ చారల చేపను చూసి, "ఇదేందప్పా, పెండ్లికి పోయేదాని మాదిరి ముస్తాబైంది" అని మురిసిపోయినాడు. ఆ తర్వాత రోజూ సాయంత్రం వచ్చేటోడు. చెప్పులు బయట విడిచి, కాళ్లు కడుక్కునే లోపలికొచ్చేటోడు. చేపలకు మేత మాత్రం నన్ను వేయనిచ్చేటోడు కాదు, అది ఆయన పని.

పోయిన ఎండాకాలానికి ముందు పగడాల కోసం ఇంకో తొట్టి తెచ్చినాను. ఉంగరంలో పెట్టుకునే పగడాలు కాదు, ప్రాణమున్నవి, నీళ్లలో పువ్వుల మాదిరి విచ్చుకునేవి. దానికి వేరే మోటరు, వేరే సామాను ఎందుకులే, పాత తొట్టికే కలుపుదామనుకున్నాను. రెండు తొట్ల నీళ్లూ కింద అరలో ఉన్న ఒకే సంపులోకి, అంటే ఇంకో గాజు పెట్టెలోకి, దిగాల, సంపులోని మోటరు మళ్లీ రెండింటికీ ఎక్కించాల. మామకు చెప్పితే ఎగిరి గంతేసినాడు. నాలుగు రోజులు మోకాళ్ల మీదే పని చేసినాడు. పైపు కోసిన ప్రతిసారీ అంచును గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూసేటోడు. "తొందరపడి బిగించినోడు తొందరగానే విప్పుతాడు" అనేటోడు.

అంతా అయినాక మోటరు వేసినాము. నీళ్లు పైకి ఎక్కితే నేను చప్పట్లు కొట్టినాను. మామ కసురుకున్నాడు. "ఎక్కే నీళ్లను ఎవడైనా చూస్తాడప్పా. దిగే నీళ్లను చూడాల." మోటరు ఆపేసినాడు. రెండు తొట్లలో పైపైన ఉన్న నీళ్లు, పైపుల్లోని నీళ్లు దిగి దిగి సంపు అంచుకు రెండు వేళ్ల కింద నిలిచినాయి. మళ్లీ మోటరు వేసి, నీళ్లు తగ్గినాక, ఆ తగ్గిన మట్టం దగ్గర ఎర్రరంగుతో గీత గీసినాడు. "ఈ గీత దాటి పొయ్యొద్దు. కరెంటు పోతే దిగే నీళ్లకు చోటుండాల. సంపు సగం ఖాళీగా కనపడుతుంది, కనపడనీ."

ఆ మాట విన్నాను. కానీ నేను పుట్టింది పత్తికొండ పక్క పల్లెలో. ఖాళీ బిందె కంటపడితే మా చెయ్యి ఊరుకోదు. నీళ్లొచ్చిన రోజు చెంబులు, గిన్నెలు, ఆఖరుకు టీ గ్లాసులు కూడా నింపి పెట్టుకునే ఇండ్లు మావి. ఒక శనివారం పొద్దున అహోబిలం పోతూ, ఎండకు నీళ్లు ఇగిరిపోతాయేమోనని, ఆ సగం సంపును చూసి మనసొప్పక, నిండుగా పోసి పోయినాను.

మధ్యాహ్నం కరెంటు పోయిందంట. దిగాల్సిన నీళ్లన్నీ దిగి, సంపు పొంగి, కిందున్న కరెంటు బోర్డు తడిసి మా ఇంటి ఫ్యూజు కొట్టేసింది. వీధికంతా కరెంటు తిరిగొచ్చినా మా మోటరు లేవలే. ఆదివారం సాయంత్రం తిరిగొచ్చి తలుపు తీస్తే ఒకటే కంపు. నీళ్లు తిరగక, గాలి అందక చేపలన్నీ తేలినాయి. పగడాలు చీమిడి మాదిరి కరిగిపోయినాయి.

నా కేకలకు మామ పరిగెత్తుకొచ్చినాడు. ఆయన్ను చూసేసరికి నాకు ఒళ్లు తెలీలే. "నీ చేతిపనికి నా చేపలన్నీ సచ్చినాయి. పంపు తిప్పే మనిషిని నమ్మినా చూడు, నాదే బుద్ధి తక్కువ" అన్నాను. గేటు దగ్గర వీధి వీధంతా నిలబడి వింటాండాది. మామ ముఖం చిన్నబోయింది. "నా లెక్క యాడో తప్పిందేమో అల్లుడా" అన్నాడు, అంతే. ఇంటికిపోయి పాతగుడ్డలు తెచ్చి, నాతోపాటు నేలంతా తుడిచినాడు.

మరునాడు ఫ్యూజు వేయించి మోటరు తిప్పినాను. సంపులో నీళ్లు తగ్గినాయి. అన్ని నీళ్లు నేలపాలైనాక కూడా మామ గీసిన ఎర్రగీత ఇంకా రెండు వేళ్ల లోతున మునిగే ఉండాది. తప్పు ఎవరిదో అప్పుడు తెలిసింది.

ఆ పూటే పోయి చెప్పుంటే సరిపోయేది. చెప్పలే. వీధిలో అందరూ సారూ సారూ అంటారు కదా, ఆ సారుకు నోరు రాలే. ఎవరైనా "కొళాయి కారుతాంది, చూడు మామా" అని వస్తే, "నా చెయ్యి మంచిది కాదులే, ఇంకెవర్నన్నా పిలుచుకోండి" అనేది గోడ ఇవతల నాకు వినపడేది. ఆయన బిగించిన పైపులు ఈ రోజుకీ ఒక్క చుక్క కారలే. నేను కొత్త చేపలు తెచ్చుకున్నా, మామ మా ఇంట్లోకి మళ్లీ అడుగుపెట్టలే. గేటు దగ్గరే నిలబడి, "కొత్త చేపలు బాగుండాయా?" అని అడిగేటోడు. "బాగుండాయి మామా" అనేటోణ్ణి. ఉగాది పోనీ, పరీక్షలు కానీ అనుకుంటా సంవత్సరం దాటించినాను.

మామ పోయిన మూడో రోజు పలకరించేదానికి పోయినాను. వరండా నిండా మనుషులు. అత్త నా చెయ్యి పట్టుకుంది. "మీ మామకు కడదాకా అదే దిగులు అబ్బీ. సారు చేపలను నా చేత్తో చంపితినే అనేటోడు. నువ్వు మనసులో ఏమీ పెట్టుకోవద్దు" అనింది.

ఇంక ఆపుకోలేకపోయినాను. "తప్పు నాది అత్తా. మామ గీత గీసి మరీ చెప్పినాడు. నిండా పోసింది నేను. తెలిసి కూడా నోరు మూసుకున్నాను."

అత్త తిట్టలే. కొంగుతో ముఖం తుడుచుకుని, నన్ను లేపి, దండ వేసిన పటం ముందర నిలబెట్టింది. "నాకెందుకు, ఆయనకు చెప్పు. గట్టిగా చెప్పు అబ్బీ, ముసలాయనకు చెవులు సరిగ్గా వినపడవు."

మొదటిసారి నాకే వినపడనంత మెల్లగా చెప్పినాను. రెండోసారి అరిచినాను. వరండాలో మాటలన్నీ ఆగిపోయినాయి. ఉద్యోగం కార్డు మీది ఫోటోను పెద్దది చేయించినారు. అందులో మామ తల కొంచెం పక్కకు వంచి చూస్తాండాడు, ఇంకొకసారి చెప్పమన్నట్టు.