ఇరవై టికెట్లూ, ఎదుటివాళ్ళ చాయ్

ఆ రోజుల్లో నాకు అంకెల మీద ఉన్న నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు (ఇప్పటికైనా మారానంటే మా ఆవిడ ఒప్పుకోదు). కువైట్‌లో ఒక ప్రైవేటు కాలేజీ క్రీడా విభాగంలో గుమాస్తాగా అప్పుడే చేరాను. మా బాస్కెట్‌బాల్ జట్టు ఇతర కాలేజీలకు వెళ్ళి ఆడే ఆటలకు తేదీలు కుదర్చడం, బస్సు మాట్లాడడం, ఆ కాలేజీలు మావాళ్ళ కోసం కేటాయించే అతిథి టికెట్లు పంచడం నా విధులు. మా కోచ్ మెడలోంచి ఈల తీయని హైదరాబాదీ. అందుకే అందరికీ ఈల సారు. పరాయి కోర్టులో మన పక్షాన అరిచే దిక్కు లేకనే పిల్లలు ఓడుతున్నారని ఆయన సిద్ధాంతం. "చూడు భాయ్, ఈసారి మన ఇరవై సీట్లల్ల ఒక్కటి ఖాళీ ఉన్నా, నీ ఇఖామా రెన్యువల్ కాయితం మీద నా సంతకం ఉండదు. ఖలాస్!" అన్నారు. ఇఖామా లేదంటే ఈ దేశంలో ఉండే అనుమతి లేనట్టే.

నేను క్యాలెండరు పరిశీలించి, రెండు కాలేజీలకూ సెలవైన ఒక శుక్రవారాన్ని ఖాయపరచి, దాదాపు అందరూ కువైటీలే అయిన మా ఆటగాళ్ళ కుటుంబాలకు టికెట్లు పంపి నిశ్చింతగా ఉన్నాను. చలికాలపు శుక్రవారం కువైటీ కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుని ఉంటాయన్న సంగతి క్యాలెండర్లో అచ్చు వేయరు. ఆట నాటి ఉదయానికి ఇరవై టికెట్లూ క్షమాపణలతో సహా తిరిగివచ్చాయి.

నన్ను ఆదుకున్నది మా బస్సు డ్రైవరు. మామూలు రోజుల్లో మంగఫ్‌లోని కార్మికుల క్యాంపు నుంచి మనుషులను పనికి చేరవేసే రాయచోటి మనిషి, అందరికీ మామ. "ఏందల్లుడా, ముఖం అట్ల పెట్టినావు? జనమే కదా కావాల్సింది? మా క్యాంపులో ఈ పొద్దు అందరికీ సెలవే. యల్లా, ఎక్కు!" అన్నాడు. ఇస్త్రీ చొక్కాలతో, అత్తరు పరిమళంతో ఇరవై మంది బస్సెక్కారు. సీట్లు ఇరవై, తలలు ఇరవై. రెండుసార్లు సరిచూసుకున్నాను.

హాల్లో కూర్చోగానే ఆ కాలేజీవాళ్ళు మా అతిథులకు చాయ్, సమోసాలు అందించారు. ఆట మొదలై, ఎదుటి జట్టు తొలి బంతిని బుట్టలో వేయగానే మా ఇరవై మందీ లేచి హాలు దద్దరిల్లేలా కేకలు పెట్టారు. పరుగున వెళ్ళాను. "మామా, మనది అవతలి జట్టు!"

"తెలుసబ్బా. పిలిచి కూర్చోబెట్టి చాయ్ పోసినోళ్ళు గోలు కొడితే మూతి ముడుచుకోని కూర్చుంటే ఏం బాగుంటాది? మనోళ్ళు కొడితే మనోళ్ళకూ అరుస్తాం."

"మనవాళ్ళు కొట్టడం లేదే!"

"అది మా తప్పా?"

టికెట్లు లెక్కపెట్టాను, తలలు లెక్కపెట్టాను. చప్పట్లు ఎటు పోతాయో లెక్కించలేదు. ఓడిపోయాం. బస్సెక్కబోతూ ఈల సారు నా వైపు చూడనైనా చూడలేదు. అప్పుడే ఆ కాలేజీ క్రీడాధికారి, ఒక పెద్దమనిషి, బస్సు దాకా వచ్చి ఆయన చేయి పట్టుకున్నారు. ఇంత మర్యాద తెలిసిన అతిథులను తానెన్నడూ చూడలేదనీ, తిరుగు ఆటకు తమవాళ్ళను వెంటబెట్టుకుని తానే వస్తాననీ అన్నారు. వీరిని ఎవరు తెచ్చారని అడిగితే ఈల సారు విధిలేక నన్ను చూపించారు. మరునాడు నా ఇఖామా కాయితం మీద సంతకం పెడుతూ, "నీ మేమాన్లు ఆయన దిల్ గెలిచిండ్రు, నా మ్యాచ్ ముంచిండ్రు," అని గొణిగారు.

తిరుగు ఆటకు నేను మొట్టమొదట చేసిన ఏర్పాటు చాయ్. వచ్చిన పెద్దమనిషి రెండు గ్లాసులు తాగి, మా జట్టు బంతి వేసినప్పుడల్లా మర్యాదగా చప్పట్లు కొట్టారు. అయినా ఓడిపోయాం.

ఈమధ్య మనవరాలి ఆటకు వెళితే ఎవరో చాయ్ అందించారు. ఏ జట్టు తరఫునో విచారించి గానీ గ్లాసు అందుకోలేదు. ఎదుటివాళ్ళదేనట. తాగాను, రెండు వైపులా చప్పట్లు కొట్టాను.