ఒక బ్యాటరీ చాలన్న లెక్క

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, బొమ్మనహళ్ళిలో మా వీధిలో ఎవరింటికి ఇన్వర్టర్ పెట్టాలన్నా అడిగే ప్రశ్న ఒక్కటే: ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని ట్యూబ్‌లైట్లు? మా ఇంట్లో మాత్రం ఆక్సిజన్ మిషను కూడా ఉంది. అమ్మ ఊపిరితిత్తులు పాడయ్యాయి. రోజుకి పదహారు గంటలు ఆ గొట్టం ముక్కుకి ఉండాల్సిందే అన్నాడు డాక్టరు. కరెంటేమో వేళాపాళా లేకుండా పోయేది.

బ్యాటరీలమ్మే ఆయన పాతకాలం నుంచి బెంగుళూరులోనే స్థిరపడ్డ తెలుగువాడు. మిషను వెనక రాసున్న వాట్లు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఒకటి సాలదప్పా. రెండు ఏసుకోండి. పైన సోలార్ పలకలు ఉంటే ఉండనీ, మబ్బు పట్టిందంటే అవి అలంకారానికే."

"ముందు ఒకటి పెట్టు. చాలకపోతే చూద్దాం," అన్నాను నేను.

"సూసేది ఉంటే మూడు నెలల్లోపల సూడండి. పాత బ్యాటరీకి కొత్తది జత చేస్తే, పాతది కొత్తదాన్నీ లాగేస్తాది."

నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఇంజనీర్ని. అంగడివాడు చెబితే వినే రకాన్ని కాదు. మిషనుతో పాటు ఒక లైటు, ఒక ఫ్యాను నడిస్తే ఒక బ్యాటరీ రెండున్నర గంటలొస్తుందని లెక్క కట్టాను. మేడ మీది సోలార్ పలకలకు ఎండ తగిలితే ఇంకెంతసేపొస్తుందో కొలిచి తేల్చుకుందామనుకున్నాను. పగలు నేనూ నా భార్యా ఆఫీసుల్లో ఉంటాం. ఇంట్లో ఉండేది అమ్మ, పదో తరగతి పరీక్షలకు ప్రైవేటుగా కట్టి ఇంట్లోనే చదువుకుంటున్న మా అమ్మాయి. కరెంటు ఎప్పుడు పోయిందో, ఇన్వర్టర్ లైటు ఎప్పుడు ఆరిపోయిందో గడియారం చూసి క్యాలెండర్ మీద రాయమని అమ్మకు చెప్పాను. అమ్మ ఒక్కరోజు కూడా తప్పకుండా రాసింది.

నాలుగు గంటలు. నాలుగుంబావు. ఒకరోజు ఏకంగా నాలుగున్నర. నా లెక్క కంటే దాదాపు రెట్టింపు! ఎండ పుణ్యమే అనుకున్నాను. ఆఫీసులో ఆ అంకెలు చెప్పుకుని తిరిగాను, అంత గర్వం. మూడో నెల నిండుతుండగా అంగడికి వెళ్ళి రెండోది అక్కర్లేదని చెప్పేశాను. ఆయన క్యాలెండర్ అంకెలు విని వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. తర్వాత, "అంతసేపు రాకూడదే..." అన్నాడు. వ్యాపారం పోయిందని గొణుగుతున్నాడనుకున్నాను.

ఆ వారమే డాక్టరు, అమ్మ కాళ్ళ వాపు నొక్కి చూసి, "మిషను పూర్తి గంటలు వాడుతున్నారా?" అని అడిగాడు. అమ్మ నోరు తెరిచేలోగా నేనే జవాబు చెప్పాను, పూర్తిగా అని.

మార్చిలో ఒక మధ్యాహ్నం తలనొప్పిగా ఉండి ఇంటికి త్వరగా వచ్చాను. వీధంతా కరెంటు లేదు. మా ఇంట్లో ముందుగదిలో ఫ్యాను తిరుగుతోంది, దాని కింద మా అమ్మాయి పుస్తకాల మీద వంగి ఉంది. చెప్పులు విప్పుతుంటే ఏదో తేడాగా అనిపించింది. మిషను చప్పుడు లేదు. లోపల గదిలో అమ్మ తలుపు దగ్గరగా వేసుకుని, మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉంది. ముక్కుకి గొట్టం అలాగే ఉంది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. మిషను స్విచ్చు ఆమే ఆపేసింది.

గబగబా స్విచ్చు వేశాను. మాట రావడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

"బిడ్డ సదువుకుంటా ఉండాది కదప్పా. ఇది తిరిగితే దానికి ఫ్యాను మిగలదు."

"మరి క్యాలెండర్ మీద నాలుగు గంటలని ఎందుకు రాశావమ్మా?" అరిచాను.

"నువ్వు అడిగింది లైటు ఎప్పుడు ఆరిపాయనని. అదే రాస్తి."

నిజమే. నేను అడిగింది అదే. ఆమె ఊపిరాడక ఎగబోస్తూ కూర్చున్న గంటలన్నిటినీ నేను బ్యాటరీ ఖాతాలో వేసి మురిసిపోయాను. ఆ పూట నన్ను నేను అసహ్యించుకున్నంతగా మళ్ళీ ఎప్పుడూ అసహ్యించుకోలేదు.

మర్నాడే పాతది తీసేసి రెండూ కొత్తవే పెట్టించాను. అంగడాయన తీగలు బిగించి వెళ్ళాడు. ఎక్స్‌రే చూసిన డాక్టరు, మిషను నిజంగా పూర్తి గంటలు వాడారా అని మళ్ళీ అడిగాడు. గుండె పెద్దదైంది, నెలల తరబడి ఆక్సిజన్ చాలకపోతేనే ఇలా అవుతుంది అన్నాడు. ఈసారి నేను జవాబు చెప్పలేదు.

"రెండూ కలిపి ఎంతసేపు వస్తాదప్పా?" అంది అమ్మ ఆ సాయంత్రం.

ఐదు గంటలని నిజం చెబితే మళ్ళీ పొదుపు మొదలుపెడుతుంది. "ఎంత వాడినా అయిపోదమ్మా" అన్నాను. నమ్మింది. కొడుకు చదువు మీద ఆమెకు అంత నమ్మకం. ఆ తర్వాత ఆమె స్విచ్చు జోలికి పోలేదు.

వానలు మొదలవకముందే అమ్మ పోయింది. పట్టపగలు, కరెంటు ఉండగా, మిషను తిరుగుతుండగా. ఊపిరి ఆగాక దాన్ని ఆపింది నేనే.